వాసవి ఎత్తు బంగారం

తాండూరు
8 సెప్టెంబరు 2025, సోమవారం

చి.ల.సౌ. స్నేహలతకు అత్తమ్మ ఆశీస్సులు.

పెళ్లయ్యాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేతిలో ఉండగా ఈ కాగితాలెందుకని అనుకుంటావు. ఫోన్ మోగితే ముందు ఎత్తేది వాసవి. నువ్వు వీడియోలో కనిపించగానే, తిన్నావా అని అడగకముందే, "లేచి నిలబడు, పక్కకు తిరుగు" అంటావు. అది తిరుగుతుంది. తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుంటుంది. నీకు ఫోన్లో అది తెలియదు. పక్కన కూర్చున్న నాకు తెలుస్తుంది. దాని ముందు ఆ మాట నీతో ఎలా అనను? అది బడికి పోయాక చేద్దామంటే అప్పుడు నీ దగ్గర చిన్నోడు ఏడుస్తుంటాడు. పైగా నా గొంతు సంగతి నీకు తెలుసు. ఎదుటివాళ్లు కాస్త గట్టిగా మాట్లాడితే నాది లోపలికి పోతుంది. అందుకే ఈ పొద్దున దీపం పెట్టి పెన్ను తీసుకున్నాను. మన పక్కింటి నర్సింహులు రోజూ రైల్లో వికారాబాద్ ఆఫీసుకు వస్తాడు కదా, అతని చేతికిస్తున్నాను.

చిన్నోడు పుట్టాడని, నీకు ఆపరేషన్ అయిందని జూన్‌లో వాసవిని ఇక్కడి బడిలో నాలుగో తరగతిలో వేశాం. పోయిన నెల బడిలో పిల్లల ఎత్తూ బరువూ చూశారు. సారు ఒక్కొక్కరిదీ పైకి చదివాడట. దీనిది చదవగానే వెనక బెంచీ వాళ్లు "కంది బస్తా" అన్నారట. పప్పుల కొట్టు వాళ్ల పిల్ల కదా. అది నవ్వుతూనే చెప్పింది నాకు.

అది విన్నప్పటి నుంచి నువ్వు ప్రతి ఆదివారం కొట్టు కాంటా మీద దాన్ని నిలబెట్టి ఫోటో పంపమన్నావు. మీ మామయ్య పంపుతున్నారు. ఆదివారమంటే కొట్టు ముందు గిరాకీ, హమాలీలు. నిన్న హమాలీ బీరన్న తలగుడ్డ బిగించుకుంటూ "సేఠ్, గీ బస్తా ఒక్కణ్నే ఎత్తనా, ఇంకోన్ని పిలువనా?" అన్నాడు. అతను మంచివాడే, పిల్లంటే ప్రాణం. అందరూ నవ్వారు. వాసవీ నవ్వింది. లోపలికొచ్చి స్నానానికి పోయి తలుపుకు గొళ్లెం పెట్టుకుంది. ఇంతకుముందు పెట్టేది కాదు.

ఇప్పుడు మంచి మాట. బడికి మార్త అని ఆటల టీచర్ వచ్చింది. ఈ పిల్లను ఖోఖోలోకి తీసుకుంది. నెలలు నిండకుండా పుట్టిందని, ఆయాసంతో దమ్ము వస్తుందని మనం దీన్ని ఏనాడూ పరుగెత్తనివ్వలేదు. "మెల్లగ, మెల్లగ" అంటూనే తొమ్మిదేళ్లు పెంచాం. ఆస్పత్రిలో అది అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నేను సమ్మక్క తల్లికి ఏమని మొక్కుకున్నానో నీకు గుర్తుందా? "ఈ పిల్ల పరుగెత్తంగ చూపించు తల్లీ, దాని ఎత్తు బంగారం ఇస్త" అని. మొన్న బడి గోడ దగ్గర నిలబడి చూశాను. పరుగెత్తింది స్నేహలతా. చెప్పులు వదిలేసి, జడ ఊడిపోయి. ఆ తల్లికి బంగారమంటే బెల్లమే కదా, వచ్చే జాతరకు దాని బరువుకు సరిపడా బెల్లం తూచి మొక్కు తీర్చుకోవాలి.

నిన్ను అడిగేది ఒకటే. ఆదివారం కాంటా మానిపించు. నీ మాట అయితే మీ మామయ్య వింటారు.

ఆశీస్సులతో
అత్తమ్మ

*

వికారాబాద్
14 సెప్టెంబరు, ఆదివారం

అత్తమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చిన్నోడు రూపేష్ నిద్రపోయాడు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. చదివి నాకు బాధ కలిగింది. నేను నా బిడ్డను ఫోన్లో వేధిస్తున్నానని మీరనుకుంటున్నారు.

మే నెలలో డాక్టర్ ఏమన్నాడో మీకు మీ అబ్బాయి అనిల్ పూర్తిగా చెప్పలేదేమో. ఈ వయసులోనే కాలేయానికి కొవ్వు పడుతోందట. ఇప్పుడు చూసుకోకపోతే పదిహేనేళ్లకే షుగర్ రావచ్చట. మా నాన్నకు నలభై రెండేళ్లకు షుగర్ వచ్చింది, కాలి వేలు తీసేశారు. ఆ కట్టు మార్చింది నేను. వాసవి నడుము చూసినప్పుడల్లా నాకు ఆ కట్టే గుర్తుకొస్తుంది. నేనేం చేయను?

పరుగెత్తుతోందంటున్నారు. మరి ఈ రోజు ఫోటోలో బరువు పోయిన వారం కంటే పెరిగింది. పరుగెత్తే పిల్ల తగ్గాలి కదా? "మనుషులు అబద్ధమాడుతరు గని కాంటా ఆడదు" అని మామయ్యే అంటుంటారు.

అడగకూడదు గాని అడుగుతున్నాను. ఉగాదికి వచ్చినప్పుడు మీరు "పిల్ల సన్నబడితే తల్లికి తక్కువ ఇచ్చినట్టైతది" అన్నారు. మొక్కు తీరేదాకా అది నిండుగా ఉండాలని మీ మనసులో ఉందా?

దీపావళి వరకు చూస్తాను. తగ్గకపోతే హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న బడిలో వేస్తాం. తిండీ ఆటా వాళ్లే చూసుకుంటారట. నా దగ్గర పెట్టుకుందామంటే ఈ పసివాడితో నా వల్ల కావడం లేదు.

ఆదివారం ఫోటో మాత్రం మానకండి.

స్నేహలత

*

తాండూరు
24 సెప్టెంబరు, బుధవారం

స్నేహలతకు,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి మీ నాన్నగారి కాలు తలుచుకున్నాను. మూడోసారి చదివి, పూజగదిలో పెట్టి వచ్చాను. అక్కడైతే వాసవి చెయ్యి పెట్టదు.

ఉగాది నాడు అన్నది నవ్వులాటకు అన్న మాట. మొక్కు కోసం పిల్లను లావు చేసే మనిషినా నేను? అలాంటి బెల్లం ఆ తల్లి ముట్టుకుంటుందా? ఇంట్లో మైదా లేదు, కొట్లో అమ్మే బిస్కెట్ల డబ్బా పై అరకెక్కింది. పొద్దున జొన్నరొట్టె, పాలకూర పప్పు. సాయంత్రం ఆటయ్యాక ఆకలి ఆకలి అంటుంది, ఉడికించిన పల్లీలు పెడుతున్నాను. మధ్యాహ్నం డబ్బా కడిగినట్టు ఖాళీగా వస్తోంది. పడుకుంటే పిలిచినా లేవదు, అంత నిద్ర.

అయినా కాంటా మీద పెరుగుతోంది. ఎందుకో నాకూ అర్థం కావడం లేదు. నాకూ భయమేసింది. హాస్టల్ మాట చదివాక, తప్పో ఒప్పో, శనివారం రాత్రి దానికి మజ్జిగ మాత్రమే ఇస్తున్నాను, ఆదివారం తేలికగా తూగుతుందని. "ఎందుకు నానమ్మా?" అంది. "రేపు ఫోటో ఉంది గదా" అన్నాను. తల ఊపి తాగేసింది. వద్దని ఏడ్చినా బాగుండేది.

నిన్న బతుకమ్మ దగ్గర పెద్దవాళ్లు అలిసి కూర్చున్నా అది ఆడుతూనే ఉంది. మన బజారు సావిత్రమ్మ గారు చూసి "మీ మనవరాలికి మస్తు దమ్మున్నది" అన్నారు. దమ్ము! ఆ మాట నీకు రాయాలనే నిన్నటి నుంచి ఆగలేకపోయాను.

దాన్ని హాస్టల్‌కు పంపకు తల్లీ. "అమ్మ నన్ను ఎప్పుడు తీస్కపోతది?" అని అడుగుతూ ఉంటుంది. తొందర్లోనే అంటున్నాను.

గౌరీదేవి మిమ్మల్ని చల్లగా చూడాలి.

అత్తమ్మ

*

వికారాబాద్
27 అక్టోబరు

అత్తమ్మా,

ఇది కొద్దిగానే రాస్తున్నాను, ఎక్కువ రాస్తే మాట తూలుతుందని.

దీపావళికి అనిల్ వచ్చి చూసి వెళ్లారు కదా. ముఖం కాస్త తగ్గినట్టుంది గాని కాంటా మీద ఏమీ తగ్గలేదన్నారు. డబ్బా కడిగినట్టు ఖాళీ అవుతోందని మీరే రాశారు. రెండు రొట్టెలు ఎక్కువ పెట్టమని అడుగుతోందని నర్సింహులు గారు మాటల్లో చెప్పారు. అడిగినప్పుడల్లా మీరు పెడుతున్నారన్న మాట. మీ ప్రేమను నేను కాదనలేను. కానీ ఆ ప్రేమతో దాని ఒళ్లు ఏమవుతుందో మీరు చూడటం లేదు.

హాస్టల్ వాళ్లతో మాట్లాడాం. సమ్మక్క జాతర కాగానే చేర్చుకుంటారు. మీ మొక్కుకు అడ్డం రావద్దనే అప్పటిదాకా ఆగుతున్నాను.

అనిల్ దానికి మంచిగానే చెప్పి వచ్చారట: "బరువు తగ్గు బిడ్డా, తగ్గితే అమ్మ దగ్గరికి తీస్కపోత" అని. కనీసం ఆ ఆశతోనైనా తగ్గుతుందేమో చూద్దాం.

స్నేహలత

*

తాండూరు
17 నవంబరు, కార్తీక సోమవారం

స్నేహలతకు,

శుక్రవారం నుంచి ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. నువ్వు ఏడుస్తావు, నేను "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటాను. జరిగింది ఒక వరుసలో ఏ పూటా చెప్పలేకపోయాను. ఇప్పుడు వాసవి తాత పక్కన కూర్చుని పండు తింటోంది. నిదానంగా రాస్తాను. నువ్వూ నిదానంగా చదువు.

బాలల పండుగకు బడిలో ఆటల పోటీలు పెట్టారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఖోఖోలో దీని వంతు రాగానే లేచి రెండు స్తంభాల మధ్య పరుగెత్తింది, ఒక పిల్లను ముట్టుకుంది, రెండో పిల్ల వెంట పోతూ పోతూ నిలబడిపోయింది. ఎవరో పిలిచినట్టు నిలబడింది. అక్కడే కూలిపోయింది. మార్త టీచర్ నాకంటే ముందు చేరి ఎత్తుకుంది. ఆస్పత్రికి ఆటోలో నా ఒళ్లో తల, ఆమె ఒళ్లో కాళ్లు. గ్లూకోజ్ ఎక్కించారు. డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి మాట: "పిల్ల ఎప్పుడు తిన్నది?"

నేను గర్వంగా చెప్పాను, పొద్దున డబ్బా కట్టి ఇచ్చానని.

మార్త టీచర్ తల వంచుకుంది. "అమ్మా, మూడు వారాలకెళ్లి ఆ డబ్బా నిరోషా తింటున్నది. నేను గియ్యాలనే చూసిన. దోస్తులు పంచుకుంటున్నరు అనుకున్న" అంది. నిరోషా దాని పక్క బెంచీ పిల్ల. అంతకుముందు వాసవి రెండు రొట్టెలు ఎక్కువ అడిగింది నిజంగా ఆకలికే. వాళ్ల నాన్న దీపావళికి వచ్చి పోయాక తినడం మానేసింది. పోటీలకు ముందు ఆదివారం కాంటా మీద బరువు తగ్గింది, గుర్తుందా? నువ్వు "శభాష్ బిడ్డా" అని పంపావు. నేనూ దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. నిన్ను అనడానికి రాయడం లేదు. మనిద్దరం సంతోషపడ్డాం, అదీ చూస్తూ ఉంది.

కళ్లు తెరిచాక నా చెవిలో అన్నది రాస్తున్నాను. "నానమ్మా, తమ్ముడు తేల్కగున్నడు గదా, అమ్మ ఎత్తుకుంటది. నేను బరువున్ననని ఈడ పెట్టిపోయింది. జాతర కాంటా దాక పల్చగైతే తీస్కపోతది గదా?"

నువ్వు హాస్టల్ అన్నావు, ఇక్కడుంది చదువుకేనని మేం అన్నాం, వాళ్ల నాన్న మంచి మాటే అన్నాడు. అది మాత్రం బరువు ఉన్న పిల్లను అమ్మ వదిలేస్తుందని అనుకుంది.

నిన్న మార్త టీచర్ చూడటానికి ఇంటికొచ్చింది. బరువు పెరిగిందన్న సంగతి అప్పుడు అడిగాను. ఆమె వాసవి యూనిఫాం స్కర్టు తెప్పించింది. "జూన్ల ఈ హుక్కు పడుతుండెనా?" అంది. పడేది కాదు, పిన్నీసు పెట్టేదాన్ని. ఇప్పుడు హుక్కు పెట్టినా జారుతోంది. అది మూడు వారాల సంగతి కాదు స్నేహలతా, దసరాకే పిన్నీసు తీసేశాను. తీశాను గాని దాని అర్థం నాకు తట్టలేదు. "పిల్ల ఎత్తు పెరిగింది, కాళ్లల్ల కండ పట్టింది. కండకు బరువుంటదమ్మా. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది, కాంటాకు గా తేడా తెల్వది. తిండి బంద్ పెడితే నేను, పిల్ల కలిసి పోగేసిన కండే పోతది" అంది.

మీ మామయ్య అక్కడే ఉన్నారు. ఆ స్కర్టు చేతిలోకి తీసుకుని హుక్కు చూశారు. తర్వాత అన్నారు, "కందులు కొనేటప్పుడు ఉత్త బరువు జూసి కొంటనా నేను? పిడికిట్ల తీస్త, పంటి కింద కొరుకుత. తేమెంత, పొల్లెంత, పప్పెంత అని. తడి కందులు బరువుంటయని చిన్న పోరనికి గూడ ఎర్కే. గింజను గంత పరీక్ష జేసేటోన్ని, ఇంటి పిల్లను బస్తా లెక్క కాంటాకేసిన."

లేచిపోయి కాంటా మీద గోనెపట్టా కప్పి వచ్చారు. నేను శనివారాలు పోసిన మజ్జిగ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను.

డాక్టరమ్మ వారం విశ్రాంతి అంది. పైవారం మళ్లీ ఆడనివ్వమంది.

అత్తమ్మ

*

వికారాబాద్
23 నవంబరు

అత్తమ్మా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు వంట కూడా సరిగ్గా చేయలేదు. అనిల్ అడిగితే తలనొప్పి అన్నాను.

"పక్కకు తిరుగు" అన్న నా మాట నాకే వినిపిస్తోంది. ఇంట్లో గిన్నె పక్కకు జరిపినా వినిపిస్తోంది. రూపేష్‌ను ఎత్తుకుంటే వాసవి చూస్తున్నట్టే ఉంటుంది.

హాస్టల్ వద్దని చెప్పేశాం. పరీక్షలు కాగానే దాన్ని తెచ్చుకుంటాను. ఇద్దరినీ చూసుకోగలనో లేదో ఇప్పటికీ భయమే. అయినా తెచ్చుకుంటాను. ఇక్కడ ఏ బడిలో ఖోఖో ఆడిస్తారో అనిల్ అడిగి వస్తున్నారు. డాక్టర్ చెప్పింది అబద్ధం కాదు, ఆ భయం నాకు పోలేదు. నూనె, చక్కెర సంగతి మనం చూద్దాం. కానీ అది మన పని, దాని పని కాదు. అది పరుగెత్తితే చాలు.

ఇప్పుడు ఒకటి అడగాలి. మీకు కోపం వస్తుందని తెలుసు. జాతర ముందు మన కొట్టు దగ్గర బజారంతా చేరుతుంది. ఎవరి పిల్లలను వాళ్లు కాంటా ఎక్కించి, అంకె చదివి, అంత బెల్లం తీసుకుంటారు. వాసవిని ఎక్కించకండి. అది మళ్లీ తిండి మానేస్తుంది. మొక్కు మానమనే ధైర్యం నాకు లేదు. అది బతికింది ఆ మొక్కుతోనేనని మీరు నమ్ముతారు, ఆ రోజు అద్దాల పెట్టె ముందు మీ పక్కన నేనూ నమ్మాను. కానీ అందరి ముందూ ఆ అంకె చదివితే నా పిల్ల నాకు దక్కదేమోనని భయంగా ఉంది.

ఏం చేయాలో మీరే చెప్పండి.

మీ స్నేహలత

*

తాండూరు
25 జనవరి 2026, ఆదివారం

నా తల్లి స్నేహలతకు,

చిన్నోడికి అమ్మవారు పోసిందని, నువ్వు గడప దాటి రాలేవని అనిల్ చెప్పాడు. వేపాకు పక్కన పెట్టు, గోకనివ్వకు, డాక్టర్ ఇచ్చిన మందు మానకు. ఏడెనిమిది రోజుల్లో పొక్కులు ఎండిపోతాయి. నువ్వు రాలేదని వాసవి చిన్నబుచ్చుకుంది గాని కారణం చెబితే "తమ్మునికి దురద పెడుతదా?" అని జాలిపడింది.

ఈ రోజు మొక్కు తూకం అయింది. నువ్వు చూడాల్సింది. అందుకే అంతా రాస్తున్నాను.

నీ నవంబరు ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. ఇచ్చిన మాట తప్పితే ఆ తల్లి ముందు దీపం ఎలా పెట్టను? మాట నిలబెట్టుకోవడానికి పిల్లను బజార్లో తూస్తే ఆ దీపం ఎందుకు? గుడి అయ్యగారిని అడుగుదామంటే నోరు రాలేదు. సంక్రమణం వెళ్లేదాకా రోజూ తల్లినే అడిగాను. వాసవి ఈ వారం మళ్లీ పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. "తూకం ఎప్పుడు నానమ్మా?" అని ఒకసారే అడిగింది.

ఆ సాయంత్రం మీ మామయ్యతో అన్నాను, గోదాములో ఆయన నాన్నగారి తరాజు ఉంది కదా, దించండి అని. క్వింటాలు బస్తాలు తూచిన పాతకాలపు తరాజు, రెండు పళ్లాలది. నువ్వు చూసే ఉంటావు, సాలెగూళ్లు పట్టి దూలానికి వేలాడుతూ ఉండేది. దానికి అంకెలుండవు.

ఈ పొద్దున బజారంతా వచ్చింది. మిగతా వాళ్లు కాంటా మీదే తూచుకున్నారు. మన వంతు రాగానే మీ మామయ్య, బీరన్న తరాజును కొట్టు ముందు కట్టారు. వాసవి తలస్నానం చేసి కొత్త లంగా కట్టుకుంది. పెదవి కొరుక్కుంటోంది. ఒక పళ్లెం కింద పీట వేయించి, ముందు నేను ఎక్కి కూర్చున్నాను. అందరూ నా వైపే చూశారు. నేను నలుగురిలో గొంతెత్తే మనిషిని కానని నీకు తెలుసు.

"నానమ్మా, గది నా పళ్లెం గదా?" అంది వాసవి.

"మనిద్దరిది. రా, ఒళ్లో కూసో" అన్నాను.

సావిత్రమ్మ గారు ముందుకొచ్చారు. "అరుణమ్మా, మొక్కింది పిల్ల ఎత్తు గదా? నువ్వెందుకు ఎక్కినవ్?"

గొంతెత్తి చెప్పాను: "తల్లికి తక్కువ ఇయ్యొద్దు గని ఎక్కువ ఇస్తె కోపం జేస్తదా వదినా? అద్దాల పెట్టెల ఉన్నది పిల్ల ఒక్కతేనా? ఆ దినం నా పానం గూడ దాంతోనే ఉండె. ఇద్దరి ఎత్తు ఇస్తున్న."

మీ మామయ్య పీట లాగేశారు. మా పళ్లెం నేలకు ఆనింది. అవతలి పళ్లెంలో బీరన్న బెల్లం ముద్దలు పెట్టడం మొదలుపెట్టాడు. మేం లేవలేదు. ఇంకా పెట్టాడు. వాసవి నా మెడ గట్టిగా పట్టుకుంది. బీరన్న చెమట తుడుచుకుని "సేఠ్, నీ కొట్టు బెల్లమంత ఒడిసేటట్టున్నది, గిది ఎవ్వల బరువో ఏమో!" అన్నాడు. మీ మామయ్య "నీకెందుకురా, పెట్టు" అన్నారు. "మా శెట్టమ్మదే అయ్యుంటది, పిల్ల పిట్టోలె ఉన్నది" అన్నాడు బీరన్న. బజారంతా నవ్వింది. ఈసారి నవ్వు నా మీద. వాసవి నా భుజంలో ముఖం పెట్టి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు కడుపులోంచి వచ్చింది స్నేహలతా, పొట్ట పీల్చుకుని నవ్విన నవ్వు కాదు.

చివరి ముద్ద పెట్టగానే మా కాళ్లు నేల విడిచాయి. ముల్లు నిటారుగా నిలిచింది. కాసేపు గాలిలో ఊగాం. అప్పుడు నా చెవిలో అంది: "నానమ్మా, నేనెంతున్ననో ఎవ్వల్లకు తెల్వది గదా?"

"ఎవ్వల్లకు తెల్వది. నాకు గూడ తెల్వది" అన్నాను.

దిగి, మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఆకలైతుందని రెండు జొన్నరొట్టెలు అడిగింది.

బెల్లం ఎల్లుండి జాతరకు పోయే బండిలో వెళ్తుంది. వచ్చే నెల పిల్లల ఖోఖో పోటీలు వికారాబాద్‌లోనే ఉన్నాయి, మార్త టీచర్ మన పిల్లను తెస్తోంది. అప్పటికి చిన్నోడికి స్నానం పోసి ఉంటారు, వాణ్ని అనిల్‌కిచ్చి నువ్వు రా. గీత దగ్గర నిలబడి దాని నడుము చూడకు తల్లీ, కాళ్లు చూడు. ఆట కాగానే అది నీ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, నాకు తెలుసు. ఎంత బరువున్నా ఒక్కసారి ఎత్తుకో. నీ ఆపరేషన్ కుట్లు మానాయి కదా, అడిగాను అనిల్‌ను.

నువ్వు రాసినవీ దీంతోనే పంపుతున్నాను, ఈ ఉత్తరాలన్నీ నీ పెట్టెలో అడుగున పెట్టుకో. చింపకు. అనిల్‌కు, మీ మామయ్యకు చూపకు, వాసవికి పెద్దయ్యాక కూడా చూపకు. దాని ఒంటి గురించి మనిద్దరం అనుకున్న మాటలు అది చదవడం నాకిష్టం లేదు. రేపు చిన్నోడు పెరిగి, వాడు బక్కగా ఉన్నాడనో లావయ్యాడనో ఎవరైనా వాణ్ని కాంటా ఎక్కించబోతే, అప్పుడు నువ్వొక్కదానివే తీసి చదువుకో.

అత్తమ్మ